ఆర్థర్ అంకుల్‌కి నేను చెప్పిన నిజం

మా చిన్నప్పుడు... టొరంటో నార్త్ యార్క్‌లో మా అపార్ట్‌మెంట్ వెనక గడ్డిలో సాయంత్రం ఐదయ్యేసరికి విజిల్ వినపడేది. హోంవర్క్ ఎక్కడిదక్కడ వదిలేసి లిఫ్ట్ దగ్గరికి పరుగే. "మరచెంబు మర్చిపోయావే... మజ్జిగ!" అని వెనకనుంచి అమ్మ కేక.

ఆ విజిల్ మా పక్క ఫ్లాట్ ఆర్థర్ అంకుల్‌ది. పిల్లలందరికీ ఫుట్‌బాల్ నేర్పేవారు. ఇంగ్లండ్‌లో ఒక చిన్న ఊరి ఫుట్‌బాల్ క్లబ్‌కి పదకొండేళ్లు కెప్టెన్ ఆయన. వాళ్ల నాన్న బొగ్గు గనిలో కూలీ. ఈయన పదహారేళ్లకే క్లబ్‌లో చేరారట. పెద్ద క్లబ్బులు పిలిచినా వెళ్లలేదట. "మావాళ్లని వదిలి ఎక్కడికి పోతాను?" అనేవారు. మోకాలు దెబ్బతిని ఆట ఆగిపోయాక, మార్గరెట్ ఆంటీతో కలిసి కూతురున్న టొరంటోకి వచ్చేశారు.

నేను కాకినాడ నుంచి వచ్చి ఏడాది కూడా కాలేదు. ఇంగ్లీష్ సరిగా రాదు. బంతి రాగానే భయంతో ఇంకొకరికి తన్నేసేదాన్ని. పిల్లలు నవ్వేవాళ్లు.

"నవ్వకండి" అన్నారాయన ఒకరోజు. "మీరంతా బంతినే చూస్తున్నారు. ఈ పిల్ల మనుషుల్ని చూస్తోంది. ఇవాళ్టి నుంచి కెప్టెన్ తనే."

ఇంటికెళ్లి చెప్తే అమ్మ నమ్మలేదు.

నాకు పన్నెండేళ్లు వచ్చేసరికి ఆయన మారిపోవడం మొదలైంది. ముందు మా పేర్లు మర్చిపోయారు... తర్వాత తన అంతస్తు నంబరు. ఆడినన్నాళ్లూ గాల్లో వచ్చిన బంతినల్లా తలతో కొట్టారు కదా, దానివల్లే కావచ్చని డాక్టర్ అన్నాడట. ఆంటీ అమ్మతో చెప్పి కళ్లు తుడుచుకుంది.

ఒక సాయంత్రం ఆట మొదలుపెట్టబోతుంటే, "టామీ ఏడి? గోల్‌కీపర్ లేకుండా ఎలా ఆడతాం?" అన్నారు.

టామీ ఆయన క్లబ్‌లో గోల్‌కీపర్. ప్రాణస్నేహితుడు. పోయి చాలా ఏళ్లయింది. ఇంట్లో అడిగినప్పుడల్లా ఆంటీ "వస్తున్నాడు, బస్సు లేటు" అని సర్దిచెప్పేదట. నాకా సంగతి తెలీదు. అబద్ధం పాపమని సండేస్కూల్లో నేర్చుకున్న పిల్లని...

"టామీ చనిపోయాడు అంకుల్. మీరే చెప్పారు కదా" అన్నాను.

ఆయన నా వైపు అలాగే చూశారు. "ఎప్పుడు? నాకెవరూ చెప్పలేదే..."

గడ్డిలో కూలబడి ఏడ్చారు. అంత పెద్దాయన... వెక్కివెక్కి. ఆంటీ కిందికొచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. "నీ తప్పు కాదమ్మా" అంది నాతో. ఆయన మళ్లీ ఆ గడ్డిలోకి రాలేదు.

మంచు పడకముందే ఆయన్ని వృద్ధుల హోమ్‌లో చేర్చారు. అమ్మా నేనూ బస్సెక్కి చూడ్డానికి వెళ్లాం. నన్ను గుర్తుపట్టలేదు. కాసేపటికి మెల్లగా అడిగారు... "టామీ వచ్చాడా?"

"దార్లో ఉన్నాడు అంకుల్" అన్నాను.

ఆయన మొహం విప్పారింది. నేను అమ్మ కోటులో మొహం దాచుకున్నాను.

తర్వాతి ఏప్రిల్లో ఆయన పోయారు.

ఇప్పుడక్కడ గడ్డి లేదు, కండో టవర్ లేచింది. ఇప్పుడు మేముండే మార్కమ్‌లో మా అమ్మాయి ఆటకి యాప్ ఉంది, లైసెన్సున్న కోచ్ ఉన్నాడు, చిన్నపిల్లలు బంతిని తలతో కొట్టకూడదన్న రూల్ ఉంది. మంచిదే... చాలా మంచిదే. ఆయన రోజుల్లోనే ఆ రూల్ ఉండుంటే, మా పేర్లు ఇంకొన్నేళ్లు ఆయనకి గుర్తుండేవేమో.

మీకు మొదట ఆట నేర్పిందెవరు? వాళ్ల పేరు ఇక్కడ రాయండి... మనకైనా గుర్తుండాలి కదా.