తొమ్మిదిమంది చదివారన్న పేపరు

తిరువూరులో నేను పాఠాలు చెప్పే కాలేజీలో, ప్రమోషన్ దరఖాస్తుకి ఈసారి కొత్త గడి ఒకటి చేర్చారు: "మీ పరిశోధన ప్రభావం". ప్రభావం అంటే ఏమిటని ప్రిన్సిపాల్‌ని అడిగాను.

"మీ పేపర్ని ఎంతమంది తమ పేపర్లలో పేర్కొన్నారో ఆ అంకె మేడం. నెట్‌లో కొడితే వచ్చేస్తుంది."

"వాళ్ళు చదివారో లేదో ఎలా తెలుస్తుంది?"

"చదవకుండా ఎవరైనా పేర్కొంటారా?"

ఇన్నేళ్ళుగా విద్యార్థుల రికార్డులు దిద్దుతున్నదాన్ని. ఆ మాట నమ్మడం నా వల్ల కాలేదు.

నా పేపరు అంబులెన్సుల గురించి. గంపలగూడెం వైపు ఊళ్ళలో ఫోన్ చేసినవాళ్ళు ఇంటి గుర్తు "చర్చి దగ్గర" అని చెప్పి పెట్టేస్తారు. ఒక్కో ఊళ్ళో రెండేసి చర్చీలుంటాయి. ఎవరికి వాళ్ళకి చర్చి అంటే తాము వెళ్ళేదే, రెండోది అవతలివాళ్ళది. అంబులెన్సు ఆ రెండోదాని ముందు ఆగి హారన్ కొడుతుంటే ఇక్కడ మనిషికి ఊపిరాడదు. మా అత్తగారికి అదే జరిగింది. ఆవిడ బతికి బయటపడ్డారు, నేను ఊరుకోలేదు. సెలవుల్లో షేర్ ఆటోల్లో తిరిగి, ఏ ఊళ్ళో ఎన్ని చర్చీలున్నాయో పట్టిక వేశాను. "ఏ చర్చి?" అని ఒక్క ప్రశ్న అదనంగా అడిగితే చాలని రాశాను. ఇంగ్లీషులో అచ్చయింది.

నెట్‌లో కొడితే తొమ్మిది అని వచ్చింది. ప్రిన్సిపాల్ స్టాఫ్‌రూములో చప్పట్లు కొట్టించారు. నేను ఆ తొమ్మిది పేపర్లూ దింపుకుని చదివాను. నాలుగు ఒకే పెద్దమనిషివి. బదులుగా తన పేపర్లని నన్ను పేర్కొనమని మెయిల్ కూడా పెట్టాడు. ఇంకొకరు పల్లెల్లో చిరునామాల సమస్యే లేదని రాసి, సాక్ష్యంగా నా పేరు వేశారు. మిగతావాళ్ళు నన్ను మరో పదిమందితో కలిపి ఒక్క వాక్యంలో కుక్కేశారు. నా పట్టిక గురించి ఒక్కరూ మాట్లాడలేదు.

నేను రాసింది ఎవరికైనా పనికొచ్చిందా అన్న అనుమానం తీరాలంటే అంబులెన్సు నడిపే మనిషినే అడగాలి. ఆసుపత్రి గేటు పక్క టీ కొట్టులో డ్రైవరు దొరికాడు, దాదాపు నా వయసువాడే.

"ఏ చర్చి అని ఇప్పుడు అడుగుతున్నారా?"

"అడక్కపోతే ఎట్టాగండి? ఒకసారి పేషెంటు అన్నగారు నన్ను కొట్టినంత పని చేశాడు. అప్పట్నించీ అడుగుతున్నా."

"ఆ సంగతి నేను పేపర్లో రాశాను."

"ఏ పేపరండి? జిల్లా ఎడిషన్లోనా?"

నాకు ఒళ్ళు మండింది. బ్యాగులోంచి కాపీ తీసి పట్టిక చూపించాను. ఊళ్ళ పేర్ల మీద వేలు జరుపుకుంటూ వచ్చి ఒకచోట ఆగాడు.

"ఈ ఊళ్ళో రెండు కాదు మేడం, మూడు. కాలవ అవతల రేకుల షెడ్డులో ఒకటుందిగా! బోర్డు లేదు, మైకుంది. మీరు ఆదివారం వెళ్ళుండరు."

"నేను స్వయంగా తిరిగానండీ."

"నేను స్వయంగా దారి తప్పానండి."

ఆ ఆదివారం వెళ్ళి చూశాను. మూడే.

ఇక జర్నల్‌కి సవరణ పంపాలి. "ఇంటర్వ్యూ అయ్యాక పంపండి మేడం, ఎవరు చూడొచ్చారు?" అన్నారు ప్రిన్సిపాల్. రెండు రోజులు ఆగాను. నిజమే, ఎవరు చూడొచ్చారు? చదవకుండా పేర్కొన్నవాళ్ళని తిట్టిన నోటితోనే నేనూ అలా అనుకున్నాను. మూడో రోజు పొద్దున్నే పంపేసి, దరఖాస్తులో తొమ్మిదిని కొట్టేశాను.

ఇంటర్వ్యూకి బయటినుంచి వచ్చిన ప్రొఫెసరు ఆ కొట్టివేతనే చూశారు. పట్టికలో తప్పు దొరికి సవరణ పంపానని చెప్పాను. "తప్పు ఎవరు పట్టుకున్నారు?"

"నా పేపరు చదివినాయన."

"ఏ జర్నల్లో రాశారండీ ఆయన?"

"రాయలేదు. అంబులెన్సు నడుపుతాడు. ఆ గడిలో ఒకటి వేయండి."

ఆయన ప్రిన్సిపాల్ వైపు చూశారు. ప్రిన్సిపాల్ ఫ్యాను వైపు చూశారు.

"జర్నల్ పేరు లేకుండా కుదరదు మేడం" అని ప్రొఫెసరు గడి ఖాళీగా వదిలేశారు.

ప్రమోషన్ల జాబితాలో నా పేరు రాలేదు. కారణం అది కాదని ప్రిన్సిపాల్ అంటున్నారు, నేను అడక్కుండానే.