నా కుర్చీలో ఆమె

మెట్‌పల్లి ఆడపిల్లల బడిలో నేను తాత్కాలిక టీచరుగా చేరిన రెండో ఏడు, పర్మనెంటు ఉత్తర్వు కోసం ఎదురు చూస్తున్న రోజుల్లో, ఆ ఉత్తర్వు చేతపట్టుకుని గుంటూరు వైపు నుంచి ఒకామె దిగింది. భర్తది కరెంటు ఆఫీసులో ఉద్యోగం. తెలంగాణలో సర్కారు కొలువులు ఇక్కడివాళ్ళకే ఇవ్వాలని నిజాం కాలం నుంచి ఒక నిబంధన ఉండేది. ఆ ఇక్కడివాళ్ళను ముల్కీలు అనేవాళ్ళు. నిన్నగాక మొన్న వచ్చిన మనిషి ముల్కీ ఎట్లా అయిందని ఎవరూ అడగలేదు. హెడ్‌మాస్టరమ్మ నన్ను పిలిచి, ఏడో తరగతి ఆమెకు అప్పజెప్పి మూడో తరగతికి పొమ్మంది.

దానికి తోడు ఆమె అద్దెకు దిగింది మా పక్కింట్లోనే. రెండిళ్ళ పెరళ్ళకూ నడుమ ఒక చిన్న తలుపు.

ఆమె గంజి పెట్టిన చీర సాయంత్రానికి కూడా నలిగేది కాదు. పద్యం చదివితే పక్క తరగతి పిల్లలు కూడా సద్దుమణిగి వినేవాళ్ళు. ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి మా ఇద్దరి పాఠాలూ విని, "మీ తెలుగు కొంచెం మొరటుగా ఉందమ్మా. ఆవిడ దగ్గర నేర్చుకోండి" అని నాతో అన్నాడు. పిల్లల ముందే అన్నాడు. ఆ వారమంతా నా గొంతు నాకే వినబుద్ధి కాలేదు. అద్దం ముందు నిలబడి, "వచ్చిండు, పోయిండు" మాని ఆమెలా "వచ్చాడు, పోయాడు" అని చూశాను. నా నోట్లో అవి అరువు తెచ్చుకున్న పళ్ళలా ఉన్నాయి.

అరవై తొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ కావాలని ఊళ్ళన్నీ లేచాయి. బళ్ళు నెలల తరబడి మూతపడ్డాయి. రోజూ ఊరేగింపులే. నేనూ నడిచాను. "మా కొలువులు మాకే" అని అరిచినప్పుడు నా కళ్ళ ముందు మెదిలింది సర్కారు కాదు, ఏడో తరగతి గదిలోని ఆ కుర్చీ.

ఒక మధ్యాహ్నం నేను ఇంట్లో ఉండగా ఊరేగింపు మా వాడకు మళ్ళింది. పక్కింటి ముందు నిలబడి వెళ్ళిపొమ్మని కేకలు. ఎవరో తలుపు మీద రాయి విసిరారు. భర్త ఊళ్ళో లేడు. అవ్వ, అంటే మా అమ్మ, పెరటి తలుపు తీసి ఆమెను చేయిపట్టి మా ఇంట్లోకి తెచ్చింది.

"భయపడకు బిడ్డా. ఈడ నిన్నెవ్వలేమనరు. జర సాయ తాగు."

అవ్వే టీ గ్లాసు పట్టి తాగించింది. వీపు నిమిరింది. నాకు జ్వరం వస్తే తప్ప అవ్వ నన్నట్లా నిమిరింది లేదు.

ఆమె వెళ్ళిపోయాక అవ్వ మీద విరుచుకుపడ్డాను. "నా నౌకరీ గుంజుకున్నదాన్ని ఇంట్ల కూసోబెట్టి సాయ తాపుతవా?"

"గామె ఏం జేసింది? ఇచ్చినోడు సర్కారోడు. పో, పోయి ఆని తలుపు మీద కొట్టు రాయి."

"ఆ తలుపు నాకేడ దొరుకుతది?" అన్నాను.

ఆ తలుపు వెతుక్కుంటూ మా బాపూ నేనూ బస్సెక్కి కరీంనగర్‌లో ఒక వకీలు దగ్గరికి వెళ్ళాం. ఆయన మా మాట సగమే విని, "కోర్టులు ఏం జెప్తయో సూద్దాం. ఫికర్ జెయ్యకుండ్రి" అన్నాడు. కోర్టులు ఒక మాట మీద నిలబడలేదు. కొన్నాళ్ళకు హైకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లవంది. ఆ సాయంత్రం పక్కింట్లోంచి తాలింపు వాసన వచ్చింది, నవ్వులు వినిపించాయి. వాళ్ళు రోజూ వండుకునేదే వండుకుని ఉంటారు. నాకు మాత్రం అది పండుగ వంటలాగే తోచి, అన్నం సయించలేదు.

తర్వాత ఢిల్లీ పెద్ద కోర్టు, కాదు, ఆ నిబంధనలు చెల్లుతాయంది. హోటల్ రేడియోలో వార్త విన్న బాపు జిలేబీ పొట్లంతో ఉరికొచ్చాడు. "గెలిచినం బిడ్డా! ఇగ కొలువు నీదే!"

ఆమె భర్త బదిలీ అడుక్కున్నాడు. వెళ్ళేరోజు ఆమె నా దగ్గరికి వచ్చి, "మీకు నా మీద కోపం ఉందని తెలుసండీ. నేనేం అడిగి రాలేదు, వేసిన చోటికి వచ్చాను" అంది. నేను లారీలో సామాను వైపు చూశాను. అవ్వ మాత్రం లారీ మలుపు తిరిగేదాకా వాకిట్లోనే నిలబడి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

మర్నాడు నేను బడికి కొత్త చీర కట్టుకుని వెళ్ళాను.

ఆ కుర్చీలోకి మా ఊరి పెద్ద దొర కోడలు వచ్చింది. అసలుసిసలు ముల్కీ. ఊరేగింపుల్లో ముందు వరసలో నడిచినవాళ్ళ ఇల్లు. నాకంటే చిన్నది, ఒక్కరోజు కూడా పాఠం చెప్పిన మనిషి కాదు. ఈసారి ఏ నినాదం ఇవ్వాలి? ఏ కోర్టుకు పోవాలి? "మనోళ్ళే గదా" అన్నాడు బాపు, మింగలేని ముద్ద మింగినట్టు. గుంటూరామె మీద పడ్డ అసూయకు కనీసం ఒక న్యాయం ఉందనుకున్నాను. ఈ అసూయకు అదీ లేదు. అది నన్ను ఇంకా ఎక్కువ తిన్నది.

ఆ తర్వాత ఏడాది తిరిగాక నాకు ఉద్యోగం వచ్చింది. గోదావరి దాటి, ఆదిలాబాద్ జిల్లా ఖానాపూర్‌లో. ఏ జిల్లా కొలువులు ఆ జిల్లావాళ్ళకే అన్న కొత్త ఉత్తర్వులు అప్పటికింకా రాలేదు. వచ్చి ఉంటే అదీ దక్కేది కాదు. అక్కడే ఇల్లు తీసుకున్నాను, అక్కడే నాకు తల నెరిసింది.

తొంభైల్లో మా బడికి ఆ ఊరి పిల్లే ఒకతె తాత్కాలిక టీచరుగా వచ్చింది. చురుకైంది. పోస్టు ఖాళీ లేదని తెలిసిన రోజు స్టాఫ్ రూంలో సూటిగా నా వైపు చూసింది.

"మేడం, కోపానికి రాకుండ్రి. మీది మెట్‌పల్లి గదా? మా ఊరి బడిల మీరు గిన్నేండ్లసంది కూసుంటే, మేమేడ కూసోవాలె?"

గదిలో ఉన్నవాళ్ళంతా తలలు దించుకున్నారు. నాకు కోపం రాలేదు. ఆ పిల్లను చూస్తే అసూయ వేసింది. పక్కింటి గోడకు ఇవతల నిలబడి నేను అన్నేళ్ళూ లోలోపల నమిలిన మాటను, ఆమె ఎంత తేలిగ్గా మొహం మీద అనేసింది!

"కూసో బిడ్డా" అన్నాను. ఆమె కూర్చోలేదు. గంట కొట్టగానే చాక్‌పీసులు తీసుకుని క్లాసుకు వెళ్ళిపోయింది.