తెగిపోయిన ‘వినబాకండి’

ఆంటీ పోయారన్న సంగతి నాకు మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో తెలిసింది. పొద్దున లువాస్ ట్రాములో కాలేజీకి వెళ్తూ ఫోను తెరిస్తే వరసగా దండం పెట్టే చేతుల బొమ్మలు. ఎవరికోసమో తెలియడానికి చాలా పైకి జరపాల్సి వచ్చింది. గుండె ఆగిపోయిందట. దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

ఆవిడ నాకు చుట్టం కాదు. ఒంగోలు కోర్టులో ప్రాక్టీసు చేసి, భర్త ఉద్యోగం వల్ల ఐర్లండ్‌లో ఈ క్లోనీ ఊరికి వచ్చి, ఇక్కడి పరీక్షలు మళ్ళీ మొదటినుంచీ రాసి సొలిసిటర్ అయిన మనిషి. ఖమ్మం నుంచి లా చదవడానికి వచ్చిన నన్ను శనివారాలు తన ఆఫీసులో కూర్చోబెట్టుకుని పని నేర్పారు. ‘బాక’ అన్న మాట నేను ఆవిడ దగ్గరే విన్నాను. చెయ్యబాక, పోబాక, తొందరపడబాక. మొదట్లో నాకు నవ్వొచ్చేది. “నవ్వబాకమ్మా, మీ ‘చెయ్యకు’లో ఉప్పూకారం లేవు” అనేవారు.

ఒకసారి నాతో చదివే అమ్మాయి కోర్టు వరండాలో నల్లకోటుతో ఫొటో దిగి ఇన్‌స్టాలో పెట్టింది. లైకులే లైకులు. ఆంటీకి చూపిస్తే కళ్ళద్దాలు పైకి తోసుకుని చాలాసేపు చూశారు. “బాగుంది. ఎనక బెంచీ మీద ఏడుస్తన్నావిడని అడిగిందా?” అన్నారు. నేను చూసిన ఆ ఫొటోలో అంతవరకూ ఏడుస్తున్నావిడ లేదు.

ఆఫీసుకు వచ్చినవాళ్ళ మాటకు నేను మధ్యలో అడ్డం వెళ్తే బల్ల కింద కాలు తొక్కేవారు. వాళ్ళు వెళ్ళాక మెత్తగా చెప్పేవారు: “తెలుగులో అవునో కాదో చివర్న తేలుద్ది. అందాకా ఓపిక పట్టినోడే వకీలు.”

ఆ చివరి మాటే ఆవిడ కొంప ముంచింది. కొత్తగా వచ్చిన విద్యార్థులకు అద్దె ఇళ్ళ గురించి చెప్పమని కమ్యూనిటీ హాలుకు పిలిచారు. నేను ముందు వరసలో ఉన్నాను. ఆవిడ అన్నది ఇది: “నోటీసొస్తే చింపి పారెయ్యండి, మిమ్మల్ని ఎవరూ కదిలించలేరు అనేవాళ్ళ మాట వినబాకండి.” ఎవరో వీడియో తీశారు. రీల్ చెయ్యడానికి ‘కదిలించలేరు’ దగ్గర కోసేశారు. కింద సంగీతం కూడా పెట్టారు. అసలుది ఫోను నిండిపోయిందని తుడిచేశారట.

పక్క ఊరు లీక్స్‌లిప్‌లో ఒక కుటుంబం ఆ రీల్ చూసి, ఇంటి ఓనరిచ్చిన నోటీసును నిజంగానే చింపేసింది. గడువులోగా అభ్యంతరం చెప్పుకుంటే నిలిచే ఇల్లు పోయింది. పిల్లలతో తెలిసినవాళ్ళింట్లో ఒక గదిలో సర్దుకున్నారు. వాళ్ళ కోపం నాకు అర్థమవుతుంది. ఆంటీ మీద లాయర్ల సంస్థకు ఫిర్యాదు చేశారు, ఫేస్‌బుక్‌లో తిట్టారు. “ఇది సగం మాట” అని ఆవిడ ఒక్కసారి రాశారు. ఇప్పుడు మాట మారుస్తోందని పాతికమంది ఎగబడ్డారు.

“ఇంకా వివరంగా రాయండి ఆంటీ” అని బతిమాలాను.

“వాళ్ళు ఇదివరకు వేరే పని మీద నా దగ్గరికొచ్చినోళ్ళు. వాళ్ళ సంగతులు నాకు తెలుసు. పదిమందిలో ఎట్టా నోరు తెరుస్తాను? తెరవకూడదు.”

ఆవిడ దగ్గర పని నేర్చుకునే నా ఒక్కదాని మాట ఎవరూ నమ్మరని, హాల్లో ఉన్నవాళ్ళను సాక్ష్యం చెప్పమని అడిగాను. “మనకెందుకమ్మా, వీసా మీద ఉన్నోళ్ళం” అన్నారు ఒకరు. “వీడియోలో అట్లనే ఉంది గదా” అన్నారు, ఆవిడ ఎదురుగా కూర్చుని విన్న ఇంకొకరు. ఆఫీసుకు వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. ఎలా ఉన్నారని అడిగితే, బాగానే ఉన్నానని ఇక్కడివాళ్ళు అన్నట్టే “గ్రాండ్” అనేవారు. ఈ దేశంలో ఆ మాట వెనక ఏమైనా దాక్కోవచ్చని అప్పటికే నాకు తెలుసు.

విచారణ ఆవిడతోనే ఆగిపోయింది. తప్పు లేదని చెప్పేవాళ్ళు ఇక లేరు. ఈ వృత్తిలోకే రాబోతున్న నేను, నాకు వృత్తి నేర్పిన మనిషి వాక్యం ఒక్కటి పూర్తిగా వినిపించలేకపోయాను. ఏం చెయ్యాలో నిజంగా తోచడం లేదు.

సంతాప సభ అదే హాల్లో పెట్టారు. ఆవిడ పేరు వెతికితే ముందు వచ్చేది అదే కాబట్టి, నిర్వాహకులు ఆ రీలే తెర మీద వేశారు. “మిమ్మల్ని ఎవరూ కదిలించలేరు” అని ఆంటీ గొంతు ఆగింది. అందరూ తలలు వంచారు.

ఇక్కడే పుట్టి, తెలుగులో అడిగినా ఇంగ్లీషులోనే జవాబిచ్చే ఆంటీ కూతురు లేచి నిలబడింది. “అనేవాళ్ళ మాట వినబాకండి” అంది, ఐరిష్ యాసలో, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ.

ఈసారి ఎవరూ ఫోను ఎత్తలేదు. తెర మీద ఆంటీ నోరు ఇంకా తెరుచుకునే ఉంది.