కొత్త పెట్టని చిక్కుళ్ళు

పాలకొల్లు దగ్గర సంపూర్ణమ్మ ఊరిని రొయ్యల చెరువులు చుట్టుముట్టి పదిహేనేళ్ళయింది. ముందు వరి పోయింది, తర్వాత బావి నీళ్ళు ఉప్పనయ్యాయి, ఆఖరికి ఆమె పెరట్లో కూరపాదులు కూడా మాడిపోయాయి. కూలిపనుల్లేక ఊరొదిలిన ఆమెను రాజమండ్రిలో ఒక చిన్న సంస్థ పిలిచి, గోకవరం దాటాక కొండల కింద ఉన్న పునరావాస కాలనీలో కూరగాయలు పెంచడం నేర్పమంది. ఆనకట్ట ప్రాజెక్టు కింద ఊళ్ళు మునిగిపోతున్న కొండరెడ్లను తెచ్చి అక్కడ నలభై ఇళ్ళలో పెట్టారు. అడవిలో తమ తిండి తామే పండించుకున్న మనుషుల్ని రేషన్ బియ్యానికి అలవాటు చేసి, ఇప్పుడు వాళ్ళకి తోట పెంచడం నేర్పడమేంటన్న అనుమానం ఆమెకి మొదటిరోజే వచ్చింది. కానీ యాభై నాలుగేళ్ళ వయసులో దొరికిన పని. నోరు మూసుకుని పార పట్టుకుంది.

కొండ మీది ఊట నుంచి పైపు వేసి ముందు వరస ఇరవై ఇళ్ళకి కుళాయిలు పెట్టారు. వెనక వరస ఆడవాళ్ళు ఇంకా వాగు దాకా నడిచి బిందెలు మోస్తూనే ఉన్నారు. సంస్థ మేనేజరు శాంతికుమార్ ముందే చెప్పాడు.

"జనవరి ఆఖర్లో వస్తానండి. ముందు వరస వాళ్ళు పండించుకుని తింటున్నారని చూపిస్తే వెనక వరసకీ పైపులేస్తాం. లేదంటే వేరే ఊరికి పోతాయి."

ఊటనీళ్ళు తగిలి ముందు వరసలో చిక్కుడు విరగకాసింది. ఒక్కరూ కొయ్యలేదు. మొదటి వారం సంపూర్ణమ్మ బతిమాలింది, తర్వాత వారం కోప్పడింది. కాయ ముదిరి తొక్క పసుపెక్కుతోంది. పిల్లలు మాత్రం సంతలో కొన్న పచ్చిమిరపకాయ నంజుకుని అన్నం తింటున్నారు.

"తినరా మీరు చిక్కుళ్ళు?" అని తలుపులమ్మని నిలదీసింది. ఆ వరసలో మొదటి ఇల్లు తలుపులమ్మది.

"ఎందుకు తినం అక్కా. మాకిష్టం."

"మరి కొయ్యరేం?"

"కొత్త కాలేదు కదా."

"ఎప్పుడవుతుంది?"

తలుపులమ్మ పాదువంక చూసింది. "ఏమో అక్కా."

ఇష్టమంటారు, కొయ్యరు. ఎప్పుడంటే తెలీదంటారు. సంపూర్ణమ్మకి తల తిరిగిపోయింది. మొహమాటపడుతున్నారేమో, ఒకరు మొదలుపెడితే అందరూ తింటారనుకుంది. మర్నాడు పొద్దున్నే బుట్టెడు కాయలు తనే కోసి, తలుపులమ్మ పొయ్యి మీదే వెల్లుల్లి వేసి కూర వండింది. ఆ ఇంట్లో ఎవరూ వద్దనలేదు. ఎవరూ తినలేదు కూడా. మధ్యాహ్నం వచ్చి చూస్తే తలుపులమ్మ మట్టిపొయ్యి పగలగొట్టి కొత్తది మెత్తుతోంది.

"అదేంటమ్మా, పొద్దున బానే ఉందిగా?"

"పాతబడిందక్కా," అంది తలుపులమ్మ తలెత్తకుండా.

తను చేసిందేదో తప్పని అర్థమైంది. ఏం తప్పో అర్థం కాలేదు. నేరుగా కాలనీ పెద్ద పోతురాజు దగ్గరికెళ్ళి కూర్చుంది. అతను చెప్పాడు: ఏ పంటైనా తొలికాయ నేలతల్లికి పెట్టి, ఊరంతా కలిసి తిన్నాకే ఇళ్ళల్లో పొయ్యెక్కుతుంది. అదే కొత్త పండగ. అంతకు ముందే వండితే ఆ పొయ్యి ఇక పనికిరాదు.

"అయితే పెట్టేయండి, ఎవరాపారు?"

"ఎవరికి పెట్టమంటావమ్మా? మా కొండ మీద మా తల్లి ఉండే చోటు నాకు తెలుసు. ఇక్కడ ముందు ఎవరిదో జీడితోటంట. ఈ నేల ఎవరిమాట వింటుందో నాకు తెలవదు."

"పట్టా మీ పేరనే ఇచ్చారుగా."

"కాయితానికి చిక్కుడుకాయ పెట్టమంటావా ఏంటి?" అని నవ్వాడు. ఆమెకి నవ్వు రాలేదు. తన చర్చిలో కోతల పండగకి తొలి గెల, తొలి గుమ్మడికాయ తనే మోసుకెళ్ళేది. కానీ ఆ పండగకి తేదీ ఉంటుంది, చోటు ఉంటుంది. రెండూ పోయినవాళ్ళకి ఏం చెప్పాలి?

"పోనీ, తిన్నామనే రాసెయ్యమ్మా," అన్నాడు పోతురాజు. "వెనక వరసకి నీళ్ళొస్తాయి."

శాంతికుమార్ వచ్చిన రోజు వ్యాన్ మీద పైపులున్నాయి. వెనక వరస ఆడవాళ్ళు బిందెలు దించి నిలబడ్డారు. అతను కాగితం తీసి, తిన్న కూరగాయలు ఎన్ని కిలోలని అడిగాడు. అందరి కళ్ళూ సంపూర్ణమ్మ మీదున్నాయి. నలభై అందామని నోరు తెరిచింది.

"ఏమీ తినలేదండి," అనేసింది. అలా ఎందుకన్నదో ఆమెకే తెలీదు.

"పాదుల నిండా ఉన్నాయి కదండీ. ఎందుకు తినలేదు?"

చెప్పబోయింది. నేల, కొండ, పొయ్యి, జీడితోట... వరస కుదరలేదు. ఉన్నట్టుండి కోపమొచ్చింది.

"అసలు వాళ్ళు తింటేనే నీళ్ళివ్వడమేంటండీ? మా ఊళ్ళో నీళ్ళు పాడుచేసినవాణ్ణి ఎవరూ ఏ కాగితమూ అడగలేదు. తాగేనీళ్ళకి వీళ్ళెందుకండీ పరీక్ష రాయాలి?"

శాంతికుమార్ కాగితం వంక చూశాడు, పాదుల వంక చూశాడు. డ్రైవర్ని పిలిచి పైపులు దింపమన్నాడు.

"ఆఫీసులో ఏం చెప్పాలో నాకు తెలీట్లేదండి," అన్నాడు.

ఆడవాళ్ళు అప్పటికే పైపులు భుజానికెత్తుకుని వెనక వరసకి నడుస్తున్నారు. ముందు వరసలో చిక్కుళ్ళు ఇంకా పాదుల మీదే ఉన్నాయి. తన పని ఉందో పోయిందో తెలియకుండానే సంపూర్ణమ్మ వెళ్ళి ఒక పైపుకి రెండో కొస పట్టుకుంది.