తప్పు చేసే పిల్ల కావాలి

నా చిన్నప్పుడు, తొంభైల మొదట్లో, ఉప్పలగుప్తం దగ్గర మా ఊరి బడికి అప్పుడప్పుడు చుట్టుపక్కల ఊళ్ళ టీచర్లందరూ కలిసి వచ్చేవారు. నెలకో బడి వంతు. ఆ బడి టీచరు పాఠం చెబుతుంటే మిగతావాళ్ళు వెనక కూర్చుని చూసి, మధ్యాహ్నం దాని గురించి మాట్లాడుకునేవారు. పరువుతో పని కదా, ఆ రోజుకి చురుకైన పిల్లల్ని ముందు వరసలో పెట్టి, నాలాంటివాళ్ళని ఇంటి దగ్గరే ఉండమనడం అన్ని బళ్ళలోనూ మామూలే.

ఆసారి వంతు మా టీచరుగారిది. మూడో తరగతికి కొత్తగా వచ్చిన ఆవిడ. ముందురోజు సాయంత్రం మా ఇంటికే వచ్చి నన్ను తప్పకుండా పంపమన్నారు. మా అమ్మ హడలిపోయింది.

"దీనికి తీసివేతలు రావు కదండీ. అందరి ముందూ మీ పరువు తీసేస్తాదండీ!"

"ఆయ్, అందుకేనండీ రమ్మంటున్నాను," అని నవ్వారావిడ.

మర్నాడు నన్ను బోర్డు దగ్గరికి పిలిచి, యాభై రెండులోంచి ఇరవై ఏడు తియ్యమన్నారు. ముప్పై అయిదు అని వేశాను. పిల్లలు కిసుక్కుమన్నారు. నా చెవులు వేడెక్కిపోయాయి. టీచరుగారు మాత్రం దాన్ని కొట్టెయ్యకుండా, ఎలా చేశావో చెప్పమ్మా అన్నారు.

"ఏడులోంచి రెండు తీసేనండీ. చిన్నదాంట్లోంచి పెద్దది రాదు, ఎప్పుడూ పెద్దదాంట్లోంచే చిన్నది తియ్యాలని మీరే చెప్పేరు కదండీ!"

మామిడికుదురు నుంచి వచ్చిన ముసలి మాస్టారొకాయన తొడ చరిచి నవ్వారు.

"ఇన్నేళ్ళనుంచీ నేనూ ఆ ముక్కే చెబుతున్నానండీ బాబూ! మా పిల్లలూ ఇలాగే వేస్తన్నారు. మొద్దులనుకున్నాను!"

"నేనూ అంతేనండీ," అని ఇంకో పంతులమ్మగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

మధ్యాహ్నం క్యారేజీలు విప్పుకుని, ఒకరి కూర ఒకరికి వడ్డిస్తూ అందరూ నా లెక్క గురించే వాదించుకున్నారు. ఒకరు ఉపాయం చెబితే ఇంకొకరు వంక పెట్టేవారు. చివరికి అందరూ కలిసి కొబ్బరి ఈనెపుల్లలు విరిచి, పదేసి చొప్పున కట్టలు కట్టారు.

అన్నాలయ్యాక మా టీచరుగారు మళ్ళీ అదే లెక్క మొదలుపెట్టారు. అయిదు కట్టలు, రెండు విడి పుల్లలు నా ముందు పెట్టి, ఏడు పుల్లలు ఇమ్మన్నారు. ఉన్న రెండూ ఇచ్చాను. ఇంకా కావాలని చెయ్యి చాపారు. ఎవరూ చెప్పకుండానే ఓ కట్ట విప్పేశాను. వెనక కూర్చున్న టీచర్లంతా చిన్నపిల్లల్లా చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత ఏ బడి వంతు వచ్చినా, లెక్క రాని పిల్లల్ని ఇంట్లో ఉండమనడం మానేశారట.

నా చదువు అయిదో తరగతితోనే ఆగింది గానీ, ఆ మాస్టారి నవ్వు మాత్రం నాతోనే ఉండిపోయింది. మొన్న మా చెల్లెలి కూతుర్ని, పాలు పొంగేదాకా చూస్తూ ఉండవే అని పెరట్లోకి వెళ్ళాను. వచ్చేసరికి పొయ్యి నిండా పాలే. చెల్లెలు కేకలెయ్యబోతే ఆపి, నేనేం చెప్పానమ్మా అని అడిగాను.

"చూడమన్నావు పెద్దమ్మా. పొయ్యి కట్టెయ్యమనలేదుగా!"

తొడ చరిచి నవ్వుకున్నాను. గుడ్డ తెచ్చి, ఇద్దరం కలిసి తుడిచాం.