వృందా తాయి పెట్టిన రెండు పైథాన్‌లు

పుణెలో మా ఆఫీసులో సర్వర్లన్నీ చూసుకునేది వృందా కర్ణిక్. చిన్నా పెద్దా అందరూ ‘తాయీ’ అనే పిలిచేవాళ్ళం, మరాఠీలో అక్కా అన్నట్టు. ఏళ్ళ తరబడి కాంట్రాక్టులోనే ఉంది. ఈ ఒక్క పని సాఫీగా జరిగితే పర్మనెంట్ చేస్తానని మా బాస్ పర్చురే సార్ అందరి ముందూ మాటిచ్చాడు.

పనేంటంటే, ఒక ల్యాబ్‌కి రక్తపరీక్షల రిపోర్టులు తీసే మా పాత ప్రోగ్రామ్ పైథాన్ అనే కంప్యూటర్ భాష పాత వెర్షన్ మీద తప్ప నడవదు. కొత్త ప్రోగ్రామ్‌కి కొత్త పైథాన్ కావాలి. మెషీన్ చూస్తే ఒక్కటే. ఒకే ఒరలో రెండు కత్తులన్నమాట. తాయి రెండు పైథాన్‌లనీ పక్కపక్కనే ఉంచే వెర్షన్ మేనేజర్ ఎక్కించింది. మధ్యలో ఏదో సాఫ్ట్‌వేర్ లైబ్రరీ లేదని ఆగిపోతే, అది వెతికి పెట్టి మళ్ళీ మొదలెట్టింది. మామూలుగా ఎక్కడైనా పాతదే నడవాలి, కొత్త ప్రోగ్రామ్ ఫోల్డర్‌లో మాత్రం కొత్తది. రెండూ ఒకదాన్నొకటి ముట్టుకోకుండా నడుస్తుంటే భలే ముచ్చటేసింది నాకు!

చిక్కల్లా మా అలవాటుతోనే. సర్వర్లోకి అందరం ఒకే యూజర్‌తో, ఒకే పాస్‌వర్డ్‌తో వెళ్తాం.

“సార్, ఎవరి లాగిన్ వాళ్ళకిద్దాం. ఒకరు మారిస్తే అందరికీ మారిపోతుంది” అంది తాయి.

“మనమంతా ఒకే కుటుంబం తాయీ! ఇంట్లో వేరు కుంపట్లు దేనికి?” అని నవ్వేశాడు పర్చురే సార్.

ఆ శుక్రవారం మధ్యాహ్నం తాయి డబ్బా విప్పి సగ్గుబియ్యం సాబుదానా ఖిచిడీ తింటుంటే ల్యాబ్ నుంచి ఫోన్. రిపోర్టులు రావట్లేదు, జనం కౌంటర్ దగ్గర అరుస్తున్నారు. కొత్త పైథాన్ పెట్టే కమాండ్‌లో ఎవరో, ఆ ఫోల్డర్‌కి మాత్రమే వర్తించేలా ‘లోకల్’ అని కొట్టాల్సిన చోట ‘గ్లోబల్’ అని కొట్టారు. మెషీనంతా కొత్త పైథాన్‌కి మారి కూర్చుంది. తాయి చెయ్యి కూడా కడుక్కోకుండా వెనక్కి మార్చింది. కానీ ల్యాబ్ వాళ్ళు అప్పటికే పైవాళ్ళకి ఫిర్యాదు చేసేశారు.

సర్వర్ రికార్డులో ఆ కమాండ్ అయితే ఉంది, కొట్టిందెవరో తెలీదు. అందరిదీ ఒకే పేరాయె.

మెట్ల మీద సుశ్రుత్‌ని పట్టుకున్నా. కొత్త ప్రోగ్రామ్ రాసేది వాడే. “నువ్వేనా?”

“నేనే అనుకుంటా. అరే, మొన్ననే కదా పర్మనెంట్ అయ్యా... నన్నిరికించకు యార్.”

నేరుగా సార్ దగ్గరికెళ్ళి చెప్పా. సార్ పిలిస్తే సుశ్రుత్ లోపలికొచ్చి “నేనలా అన్లేదు సార్” అన్నాడు, నా మొహం చూడకుండా.

“రుజువుందా నీ దగ్గర?” అన్నాడు సార్. “అసలా మేనేజర్‌ని ఎక్కించిందెవరు? తాయే కదా? మరి బాధ్యతా ఆవిడదే.”

కాంట్రాక్టు పొడిగించలేదు. వెళ్ళేరోజు తాయి కుర్చీ మీది షాల్ మడిచి డబ్బా సంచిలో పెట్టుకుంది. “ఆ పాస్‌వర్డైనా మార్చుకోండర్రా” అంది. ఎవరూ మార్చలేదు.

వారం తిరక్కుండానే మళ్ళీ గ్లోబల్, మళ్ళీ ల్యాబ్ ఫోన్. పర్చురే సార్ మా అందరి ముందే స్పీకర్ పెట్టి తాయికి ఫోన్ కొట్టాడు.

“తాయీ, బాగున్నావా? ఆ పైథాన్ పాతదానికి ఎలా మార్చాలో కొంచెం చెప్పవూ? మన ఇంటి మనిషివి...”

అవతల కుక్కర్ విజిల్ వినిపించింది.

“నా కుంపటి వేరైపోయింది సార్” అని పెట్టేసింది.