మూడో స్క్రూ

2023 చివరి నెలలు. ఖతార్ వచ్చి నాకు రెండేళ్లు దాటింది. దోహా నుంచి అల్ ఖోర్ వెళ్లే దారిలో, ఒకప్పుడు గోదాముగా ఉన్న షెడ్డులో నడిచే ఎయిర్‌సాఫ్ట్ అరీనాలో టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. మాది జగిత్యాల దగ్గర ఊరు. చదివింది మెకానికల్ డిప్లొమా.

ఎయిర్‌సాఫ్ట్ అంటే ఆటే. చూడటానికి అచ్చం అసలు రైఫిల్‌లా ఉంటుంది, లోపలి నుంచి వచ్చేది మాత్రం బఠాణీ గింజంత ప్లాస్టిక్ గుండు. కళ్లకు గాగుల్స్, ముఖానికి మాస్క్ పెట్టుకుని రెండు జట్లు పాత టైర్ల వెనక దాక్కుని కాల్చుకుంటాయి. నా ఉద్యోగం గురించి మా మేనమామకు ఎన్నిసార్లు చెప్పినా ఒకటే మాట: "దుబాయ్‌ల తుపాకులు బాగుచేస్తుండట మావోడు. పోలీసులు పట్టరారా?"

రైఫిల్ పిడిలో చిన్న మోటార్ ఉంటుంది. దాని కొనకు పళ్లున్న ముక్క, పినియన్. పినియన్ బెవెల్ గేర్‌ను తిప్పుతుంది, బెవెల్ స్పర్ గేర్‌ను, స్పర్ సెక్టార్ గేర్‌ను. సెక్టార్ గేర్ పిస్టన్‌ను వెనక్కి లాగి స్ప్రింగ్‌ను నొక్కుతుంది. పళ్లు అయిపోగానే పిస్టన్ చేజారి ముందుకు దూసుకెళ్తుంది, ఆ గాలికి గుండు బయటికి పోతుంది. ఇదంతా సెకనుకు పదిసార్లకు పైనే. అద్దెకిచ్చే రైఫిల్ అయితే శుక్రవారం మధ్యాహ్నం మొదలుపెట్టి శనివారం సాయంత్రం దాకా ఆగకుండా.

మా దగ్గర అద్దెవి పన్నెండు ఉండేవి. ఫ్యాక్టరీ గేర్లు మెత్తటి పోత లోహం. వారానికి ఒకటైనా పళ్లు రాలి నా బల్ల మీదికి వచ్చేది. అప్‌గ్రేడ్ చేద్దామని మేనేజర్ ప్రసాద్ గారిని ఆరు నెలలు అడిగాను. ఆయనది భీమవరం వైపు. చివరికి ఒప్పుకున్నారు, తనదైన పద్ధతిలో.

"స్టీలు గేర్లు వేస్తున్నావ్ కదా, పన్లో పని గట్టి స్ప్రింగ్ కూడా వేసెయ్యవయ్యా. దెబ్బ తగిలితే తెలియాలి."

"సార్, మనకు కావాల్సింది పవర్ కాదు, ఆగకుండా నడవడం. గట్టి స్ప్రింగ్ వేస్తే గేర్ బతికినా పిస్టన్ పోతుంది. పిస్టన్ మారిస్తే గేర్లున్న పెట్టె పగులుతుంది."

"అన్నీ నీకే తెలుసు."

స్ప్రింగ్ మార్చలేదు. పదకొండు రోజుల్లో పన్నెండు గేర్‌బాక్సులు విప్పాను. పాత గ్రీజు కడిగాను. స్టీలు గేర్లు పెట్టాను. ప్రతి గేరు కింద, పైన షిమ్‌లు వేశాను. షిమ్ అంటే కాగితం మందం ఉండే వాషర్. అది ఒకటి ఎక్కువైతే గేరు బిగుసుకుంటుంది, ఒకటి తక్కువైతే ఊగుతుంది. ఎంత గట్టి గేరైనా ఊగితే పళ్లు రాలుతాయి. గేర్ల ఉక్కు కంటే వాటి మధ్య ఉండే సందే ముఖ్యమని ఈ పని తెలిసిన వాళ్లెవరైనా చెబుతారు.

ఆఖరి పని మోటార్ ఎత్తు. పిడి అడుగున రేకు ఉంటుంది, దానికి మూడు స్క్రూలు. రెండు రేకును పట్టి ఉంచేవి. నడుమ ఉన్న మూడోది మోటార్‌ను కింది నుంచి పైకి నెట్టేది. దాన్ని లోపలికి తిప్పితే పినియన్ బెవెల్ గేర్‌కు దగ్గరవుతుంది, బయటికి తిప్పితే దూరమవుతుంది. చెవితో విని సరిచేయాలి. పావు చుట్టు అటూ ఇటూ తిప్పుతుంటే ఒకచోట కీచుమనే మోత తగ్గి నునుపైన శబ్దం వస్తుంది. అక్కడ ఆపాలి. నెల రోజులు వాడాక గేర్లు ఒరుసుకుని కుదురుకుంటాయి, అప్పుడు మళ్లీ సరిచూడాలి కాబట్టి ఆ స్క్రూకు, కదలకుండా పట్టే లాక్ జిగురు వేయలేదు.

రైఫిళ్లను ఆటగాళ్లకు ఇవ్వడం, తీసుకోవడం, తుడిచి పెట్టడం యూసుఫ్ భాయ్ పని. బోధన్ ఆయనది. నలభై దాటాయి. ఖతార్‌లో తొమ్మిదేళ్లు ఇనుప రాడ్లు కట్టి కుడి భుజం పాడు చేసుకున్నాడు. చెయ్యి చెవి దాకా లేవదు. మా అరీనా ఓనర్‌కే కన్‌స్ట్రక్షన్ కంపెనీ కూడా ఉంది. అక్కడ పనికిరాడని ఇక్కడికి పంపారు. నేనొచ్చేసరికి అరీనాలో అందరికంటే శుభ్రంగా పనిచేసే మనిషి ఆయనే. ఇంట్లో ఉర్దూ మాట్లాడినా పదో తరగతి దాకా తెలుగులోనే చదివాడు.

అప్‌గ్రేడ్ పాడవకూడదని, రైఫిల్ తుడిచేటప్పుడు వరసగా చేయాల్సిన పదకొండు పనుల లిస్టు తెలుగులో రాసి, లామినేషన్ చేయించి గోడకు పెట్టాను. స్క్రూలు తిప్పడానికి నా దగ్గరున్న చిన్న ఎల్-కీల సెట్టు భాయ్‌కి ఇచ్చాను. ఆ లిస్టు మీద నాకు గర్వంగా ఉండేది.

మూడు వారాలు కాకముందే ఒక రైఫిల్ కీచుమంటూ తిరిగొచ్చింది. రెండు రోజులకు రెండోది. వారం తిరిగేసరికి ఐదు. కొత్త స్టీలు గేర్లు, నా చేతులతో బిగించినవి. తల కొట్టేసినట్లయింది. మొదట పట్టుకున్నది యూసుఫ్ భాయ్‌నే.

"ఎవరు పడేసిండ్రు భాయ్ వీటిని?"

"ఎవరు పడెయ్యలే తమ్ముడు."

"పడెయ్యకుంటే స్టీలు గేర్లు ఎట్ల పోతయ్?"

"నాకేం తెలుసు? లోపట ఉన్నయి నువ్వు పెట్టినవి."

ఆ జవాబు నాకు ఒళ్లు మండించింది. అదే కోపంతో ప్రసాద్ గారి గదికి వెళ్లి ఐదు పోయాయని చెప్పాను. వాడకంలో ఏదో తేడా ఉందని కూడా అన్నాను. ఆ ముక్క అన్నది నేనే, ఇప్పుడు దాచడం ఎందుకు?

ప్రసాద్ గారికి అంతకంటే ఇంకేం అక్కర్లేకపోయింది. "రాడ్లు మోసిన చెయ్యి అది. సున్నితం ఎక్కణ్ణించొస్తుంది? ఆదివారం వ్యాన్‌లో అల్ రువైస్ పంపేస్తా. అక్కడ జెట్టీ పనికి మనుషులు కావాలంటున్నారు. నువ్వు గురువారంలోగా రిపోర్ట్ రాసిచ్చెయ్. మిస్‌హ్యాండ్లింగ్ అని రాయి, చాలు."

"ఆయన భుజం బాలేదు సార్."

"అయితే ఇంటికెళ్తాడు."

ఆ మధ్యాహ్నమే భాయ్‌ని రైఫిళ్ల దగ్గర నుంచి తీసేసి, పార్కింగ్‌లో కార్లు మళ్లించే పనికి నిలబెట్టారు.

మంగళవారం అరీనాకు సెలవు. ఐదు గేర్‌బాక్సులూ వరసగా విప్పాను. భాయ్ పడేశాడని రుజువు దొరుకుతుందనే విప్పాను. పడిన రైఫిల్ అయితే పిడి మీద గీత ఉండాలి, లేదా పెట్టె ముందు భాగం పగలాలి. ఒక్కదానికీ లేదు. సెక్టార్ గేరు కొత్తదానిలా ఉంది. స్పర్ కొత్తదానిలా ఉంది. పిస్టన్ పళ్లు ఒక్కటీ పోలేదు. ఐదింటిలోనూ అరిగినవి రెండే: పినియన్, బెవెల్. ఎలుక కొరికినట్టు ఉన్నాయి.

రైఫిల్ కింద పడితే ఆ రెండు మాత్రమే పాడవవు. ఆ రెండే అరగడానికి కారణం ఒకటే ఉంటుంది. రేకులు తిప్పి చూశాను. ఐదు రైఫిళ్లలోనూ మూడో స్క్రూ చివరంటా బిగించి ఉంది. మోటార్ కింది నుంచి గేరును పొడుస్తూ తిరిగిందన్నమాట. మిగతా ఏడు చూశాను. నాలుగు అలాగే ఉన్నాయి. బీరువా దాటి బయటికి రాని మూడు మాత్రం నేను పెట్టినచోటే ఉన్నాయి.

ఒక రైఫిల్ పట్టుకుని పార్కింగ్‌కు వెళ్లాను. సెలవు రోజైనా కాపలాకు ఉంచిన భాయ్ గోడ నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని టీ తాగుతున్నాడు. నన్ను చూసి లేవలేదు.

"ఇది తిప్పింది నువ్వేనా భాయ్?" రేకు చూపించాను.

"నేనే."

"ఎందుకు తిప్పినవ్? ఎవరు చెప్పిండ్రు నీకు?"

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "నువ్వే."

"నేనా?"

"నాలుగో నంబర్. బయటికి కనవడే స్క్రూలన్ని చూడాలె, వదులుంటే బిగించాలె. రోజు చూసిన. ఈ రెండు గట్టిగుంటయ్. నడుమది రోజు వదులే. నువ్విచ్చిన కీతోనే బిగించిన." నా వైపు తలెత్తి అడిగాడు: "తప్పా?"

నేను రేకును ఇటూ అటూ తిప్పి చూస్తున్నాను.

"చెప్పు తమ్ముడు. తప్పా, కాదా? ఆదివారం నన్ను సైట్‌కి తోలుతుండ్రు. ఎందుకు తోలుతుండ్రో ఎవ్వడు చెప్తలేడు. చెయ్యి లేవదు నాకు. పోయి అక్కడేం చెయ్యాలె, సముద్రం ముంగట నిలబడి చేపలకు సలాం కొట్టాల్నా?"

తప్పు నీది కాదని చెప్పి లోపలికి వచ్చాను. గోడ మీది లిస్టు ముందు నిలబడి నాలుగో అంశం చదివాను. అక్షరం పొల్లుపోకుండా ఆయన చెప్పిందే. మూడో స్క్రూ ముట్టుకోకూడదని పదకొండింటిలో ఎక్కడా లేదు. నాకు తెలుసు కాబట్టి రాయలేదు. తెలియనివాళ్ల కోసమే కదా లిస్టు రాసేది? చేతిలో ఉన్న ఎల్-కీని బల్లకేసి కొట్టాను. అది ఎగిరి ఎటో పోయింది, వెతకలేదు.

ఆ సమయంలో బుర్రలో ఇంకో ఆలోచన కూడా వచ్చింది. స్క్రూలన్నీ సరిచేసి, అరిగిన గేర్లు మార్చేసి, లిస్టు చించేస్తే ఎవరికీ తెలియదు. రిపోర్టులో గేర్లది నాసిరకం స్టీలు అని రాస్తే భాయ్ మీద మాట పడదు, నా మీదా పడదు. అది కూడా అబద్ధమే. పైగా గేర్ల మీద పెట్టిన అబద్ధం ప్రసాద్ గారి దగ్గర నిలబడేది కాదు. ఆయనకు కావాల్సింది మనిషి పేరు.

బుధవారం రిపోర్టు ఇచ్చాను. ఐదు గేర్‌బాక్సుల ఫోటోలు, అరిగిన పళ్లు, అరగని పళ్లు, మూడో స్క్రూ ఉన్న తీరు, లిస్టు ఫోటో. కారణం దగ్గర ఇలా రాశాను: టెక్నీషియన్ ఇచ్చిన రాతపూర్వక సూచన తప్పు. సిబ్బంది ఆ సూచనను పాటించారు. కింద నా పేరు, సంతకం.

ప్రసాద్ గారు రెండుసార్లు చదివారు. "ఏంటయ్యా ఇది, నీ కాలు నువ్వే నరుక్కుంటున్నావ్?"

"జరిగింది అదే సార్."

"జరిగింది ఎవడడిగాడు? ఈ ముక్క తీసెయ్. గేర్లు కట్టే మనిషి నాకు మళ్లీ ఎక్కడ దొరుకుతాడు? కార్లకి చెయ్యూపేవాడు ఎక్కడైనా దొరుకుతాడు."

నేను తలుపు వేశాను. ఆయన ముందు ఎప్పుడూ గొంతు పెంచలేదు, ఆ రోజూ పెంచలేదు. "రాసింది తప్పైతే రాసినవాణ్ణి పంపించండి సార్. చెప్పింది చెప్పినట్టు చేసినవాణ్ణి పంపితే, రేపటి నుంచి ఇక్కడ ఎవ్వడూ ఏ లిస్టూ చూడడు. రిపేరు రిపోర్టులన్నీ వెళ్లినట్టే ఇది కూడా హెడ్డాఫీసుకు వెళ్లింది."

"పంపేశావా?"

"పంపేసిన."

ఆయన కాగితాన్ని బల్ల మీదకు విసిరారు. "మీ తెలంగాణ వాళ్లంతా ఒకటయ్యారన్నమాట."

ఆ మాట ఇప్పటికీ నాకు మంట పుట్టిస్తుంది. అందరికంటే ముందు ఆ మనిషిని అనుమానించిన తెలంగాణవాణ్ణి నేనే కదా.

ఆదివారం వ్యాన్ అల్ రువైస్ వెళ్లింది, యూసుఫ్ భాయ్ లేకుండా. నా ఫైలులో ఒక వార్నింగ్ లెటర్ చేరింది. దానికి అభ్యంతరం చెప్పలేదు, అది నాకు రావాల్సిందే. ఆ తర్వాత ప్రసాద్ గారు ఏ పనైనా నాకు వాట్సాప్‌లోనే చెప్పేవారు, ఎదురుగా కూర్చుని ఉన్నా సరే.

భాయ్ తిరిగి రైఫిళ్ల దగ్గరికి వచ్చిన రోజు క్షమించమని అడిగాను. కరగలేదు.

"సంతకం పెట్టినవ్, మంచిగనే చేసినవ్. ఇంకొకడైతే పెట్టకపోతుండె. గని తమ్ముడు, మొదటి రోజు వచ్చి ఎవరు పడేసిండ్రని అడిగినవ్. నేను రోజు ఏం చేస్తున్ననో చూపెట్టమని అడిగితే, ఆడికాడికే ఖలాస్ అయిపోతుండె. రెండు నిమిషాల పని."

నిజమే. డిప్లొమా, ఫోటోలు, విప్పిన గేర్‌బాక్సులు, ఏదీ అక్కర్లేదు. ఆయన చేతుల వైపు రెండు నిమిషాలు చూసి ఉంటే చాలు. పాడైన యంత్రం బల్ల మీదికి వస్తే ఇప్పుడు నేను ముందు యంత్రాన్ని విప్పను. దాన్ని రోజూ పట్టుకునే మనిషి చేతికి ఇచ్చి, రోజూ చేసేది చెయ్యమంటాను. మధ్యలో మాట్లాడను.

మొదటిసారి అలా చేసింది భాయ్‌తోనే. తొమ్మిది రైఫిళ్లకు పినియన్లు, బెవెల్ గేర్లు మార్చి, మూడో స్క్రూకు లాక్ జిగురు వేసి, మీద ఎర్ర పెయింట్ చుక్క పెట్టాను. కొత్త లిస్టు రాసే ముందు పాత లిస్టు ఆయన చేతిలో పెట్టి, ఒక రైఫిల్ ఇచ్చి కూర్చున్నాను. ఆయన గుండ్లుండే మ్యాగజైన్ తీశాడు. ఇసుక డబ్బాలోకి ఒకసారి కాల్చి ఖాళీ అని చూసుకున్నాడు. వెంటనే బ్యాటరీ పీకి పక్కన పెట్టాడు.

"బ్యాటరీ లిస్టుల ఏడో నంబర్ కదా భాయ్."

"అవును. స్క్రూలు నాలుగు, బ్యాటరీ ఏడు. కరెంటు ఉండంగనే కీ పట్టుకుని గెలుకుతరా ఎవరన్న? చెయ్యి ట్రిగ్గర్ మీద పడితే?" తలెత్తకుండానే రేకు తుడుస్తూ అన్నాడు. "ఆ ఒక్కటి నేను మొదటి రోజు నుంచి నీ మాట ఇంటలే."

మార్కర్ తీసి, బ్యాటరీ పక్కనున్న ఏడు కొట్టేసి, స్క్రూల కంటే ముందు వచ్చేలా మూడు రాశాను. కోపం మళ్లీ తన్నుకొచ్చింది. ఎవరి మీదా అని ఈసారి వెతుక్కోవాల్సిన పని లేకపోయింది.